మస్టరులో పేరు



పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు గ్రూప్స్ రాసి ఎంపీడీవోలు, తహసీల్దార్లు అవుతారు. అందుకే ఇవాళ మస్టరు, అంటే పనికి వచ్చిన కూలీల హాజరు పట్టిక గురించి మాట్లాడాలని వచ్చాను.

1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్ పంచాయతీ పనుల లెక్కలను ఊరి జనం ముందు చదివి వినిపించడం మొదలుపెట్టింది. చేయని పనులకు బిల్లులు, పనికి రానివాళ్ల పేర్ల మీద కూలి బయటపడ్డాయి. అక్కడ పుట్టిన ఉద్యమమే సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. ఆ చట్టం వచ్చిన 2005లోనే ఉపాధి హామీ చట్టమూ వచ్చింది. పనుల మీద సామాజిక తనిఖీ చేసే బాధ్యతను దాని 17వ సెక్షన్ గ్రామసభకే అప్పగించింది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ సెక్షన్‌ను కాగితానికే వదిలేయలేదు. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు శిక్షణనిచ్చి, మస్టరు నకళ్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపింది. "అవ్వా, ఈ వారం ఆరు రోజులు పనికి పోయినట్టు రాసినారు. పోయినావా? డబ్బులు వచ్చినాయా?" జాబ్ కార్డు, పాస్‌బుక్కు, మస్టరు పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా కనిపిస్తే వాంగ్మూలం రాసుకునేవారు. ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద ఫీల్డ్ అసిస్టెంటు, అధికారులు కూర్చుని ఉండగానే ఆ అవ్వ మైకు పట్టుకుని తన లెక్క తాను చెప్పేది.

పోయిన సొమ్మంతా తిరిగి రాలేదు. రికవరీలు అంతంతమాత్రమే. అయినా ఓటేసి ఐదేళ్లు ఎదురుచూడటం తప్ప దారి లేని మనిషికి, అధికారిని ఎదురుగా నిలబెట్టి అడిగే చోటు దొరికింది. 73వ రాజ్యాంగ సవరణ చెప్పిన గ్రామసభకు ప్రాణం పోసింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

చట్టం ఇచ్చినదాన్ని మరో చట్టం వెనక్కి లాక్కోగలదు కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ను మార్చింది. ప్రజా ప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న షరతు ఆ క్లాజు నుంచి పోయింది. గోప్యత అవసరం లేదని నేననను. కానీ పేరు వ్యక్తిగతమే కదా అని మస్టరులో పేర్లు కొట్టేసి ఇస్తే, తనిఖీకి వెళ్లిన పిల్లవాడు ఏ గడప తొక్కాలి? ఎవరిని అడగాలి?

అయితే సమాచార హక్కు చట్టంలో 8(2) ఇంకా ఉంది. జరిగే నష్టం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇచ్చే వీలు అది కల్పిస్తోంది. రేపు అలాంటి దరఖాస్తు మీ బల్ల మీదికి వస్తే, తిరస్కరణ లేఖ మీద సంతకం పెట్టేముందు ఆ నిబంధన తీసి చదవండి. మస్టరును పేర్లతో సహా ఇవ్వండి.