స్తనపరీక్ష: స్త్రీలకు నేర్పవలసిన విధము

గ్రామపెద్దలగు మీ యెదుట స్త్రీల రొమ్మువ్యాధిని గూర్చి ప్రసంగించుట తగునా యని కొందఱు శంకింపవచ్చును. ఆడువారి బాధ గడప దాటరాదను సంకోచమే యీ వ్యాధికి బలము. రొమ్ము క్యాన్సరు తొలుత సాధారణముగా నొప్పి నీయదు. నొప్పి లేదుగదా యని యూరకుండి, చర్మము పగిలిన పిమ్మట వైద్యునికడ కేగువారు పెక్కుమంది.

కొత్తగా తగులు గట్టి గడ్డ, చంకలో బిళ్ళ, నారింజతొక్కవలె గుంటలుపడిన చర్మము, లోనికి ముడుచుకొనిన చనుమొన, దానినుండి స్రవించు నెత్తురు: ఇవి గుర్తులు. గడ్డలలో అధికభాగము నిరపాయకరములే. కాని నిర్ణయింపవలసినవాడు వైద్యుడు.

ముట్టు ముగిసిన కొద్ది దినములకు, ముట్లుడిగినవారు నెలకొక నియతదినమున, అద్దములో జూచుకొని, నడిమి మూడు వ్రేళ్ళ మెత్తని భాగముతో చిన్న వలయములుగా చంకవఱకు తడవి చూడవలెను.

దీనిని నేర్పుటెట్లు? ఉపన్యాసమువలన గుర్తులు తెలియును; పటమువలన స్థానము తెలియును; చేతికి నేర్పు అభ్యాసమువలననే కలుగును. గడ్డలు దాచిన నమూనాలపై వెదకించుట మేలు. అవి దొరకనిచో మెత్తని పిండిముద్దలో శనగగింజ దాచి వెదకింపవచ్చును. అక్షరము రాని వృద్ధురాలికిని ఇది బోధపడును. బోధించునది స్త్రీయే కావలెను. వినువారు కొద్దిమంది కావలెను.

అయితే యొక సత్యము దాచరాదు. షాంఘై బట్టలమిల్లులలో 1989 మొదలు సుమారు 2,66,000 మంది స్త్రీలపై పరిశోధన జరిగెను. సగముమందికి ఈ పరీక్ష నేర్పి, పలుమాఱు అభ్యాసము చేయించిరి. 2002లో వెలువడిన ఫలితమును బట్టి ఉభయవర్గములలోను మరణములు ఇంచుమించు సమానమే. నిరపాయకరములగు గడ్డలకు కోతలు మాత్రము హెచ్చెను.

బొంబాయిలో టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ప్రారంభించిన పరిశోధనలో, శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు రెండేండ్ల కొకసారి స్త్రీలను పరీక్షించిరి. 2021లో ఫలితము ప్రకటితమయ్యెను. వ్యాధి ముందుదశలోనే బయటపడెను. 50 ఏండ్లు నిండినవారిలో మరణములు నూటికి సుమారు 30 తగ్గెను. అన్ని వయసులవారిని గలిపి చూచిన, నిశ్చయముగా జెప్పదగిన తగ్గుదల గానరాలేదు.

దీనివలన తేలునదేమి? స్త్రీ తన దేహమును తానెఱుగుట తొలిమెట్టు. శిక్షితహస్తముచే పరీక్ష రెండవది. జాగులేని చికిత్స మూడవది. మూడవది లేనిచో మొదటి రెండును వ్యర్థములు. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష చేయుట నేడు ప్రభుత్వ ఆరోగ్యకార్యక్రమములో భాగమై యున్నది.

పెద్దలారా! ఇంటి యిల్లాలు "గడ్డ తగులుచున్నది" అన్నచో, పసరుకట్టులతో నెలలు గడపక, మఱునాడే తోడువచ్చి ఆసుపత్రికి గొనిపొండు. పొలము పని ఒకనాడు ఆగిన నష్టము లేదు. ఇల్లాలి చికిత్స ఆగిన ఆ నష్టము తీరునది కాదు.