స్టీరింగు ముందు సెంట్రీ
(సంఘ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు "ఈసారి మీరు నాలుగు మాటలు చెప్పాలండీ" అన్నారు. నాకు తెలిసినవి బండ్లే. శక్తిమాన్, జోంగా, నిస్సాన్ వన్‌టన్నులతో సర్వీసంతా ఎం.టి.లో గడిపినవాణ్ణి. అయితే ఈ రోజు పాత బండ్ల ముచ్చట్లు చెప్పను. మన పిల్లలు కొంటున్న కొత్త కార్ల గురించి చెబుతాను.

2020 తర్వాత మన షోరూముల్లో ‘అడాస్’ అనే మాట గట్టిగా వినబడుతోంది. ముందు అద్దం వెనక కెమెరా, బంపరులో రాడార్ ఉంటాయి. ముందు బండికీ మనకూ మధ్య ఎడం చూసుకుని వేగం పెంచడం, తగ్గించడం కారే చేస్తుంది. ఇండికేటర్ వేయకుండా గీత దాటబోతే స్టీరింగును వెనక్కి లాగుతుంది. మరీ దగ్గరైతే బ్రేకు వేస్తుంది. వినడానికి బాగానే ఉంది. ఏ.బి.ఎస్., ఎయిర్‌బ్యాగులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి, కాదనను. కొత్త సరుకు అంతా చెడ్డదని చెప్పడానికి రాలేదు.

2025 సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తున్నాం. మా అల్లుడు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో. సూర్యాపేట దాటాం. రాత్రి తొమ్మిదిన్నర. కారు తనంతట తానే ముందు కారును అనుసరిస్తోంది. "చూశారా మామయ్యా, కాలు పెట్టే పనే లేదు!" అన్నాడు. రెండు నిమిషాలు కాలేదు, ముందు కారు చటుక్కున పక్క లేనుకు తప్పుకుంది. దాని ఎదురుగా ఆగివున్న ట్రాక్టరు, వెనక గడ్డి ట్రాలీ. లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. మన కారేమో దారి ఖాళీ అయిందనుకుని వేగం అందుకుంది! నేను కేకేశాను. అల్లుడు స్టీరింగు తిప్పాడు. ఇండికేటర్ వేయలేదు కదా, ఒక్క క్షణం స్టీరింగు ఎదురు లాగింది. మొత్తానికి ఎడమ అద్దంతో పోయింది. వెనక సీట్లో మా ఆవిడ, అమ్మాయి, మనవరాలు ఉన్నారు.

మర్నాడు కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. ‘ఆగివున్న వాహనాలను గుర్తించకపోవచ్చు, పూర్తి బాధ్యత డ్రైవరుదే’ అని స్పష్టంగా ఉంది. కారణం కూడా వింతేమీ కాదు. రోడ్డు పక్కన స్తంభాలు, బోర్డులు, వంతెనలు అన్నీ కదలకుండా ఉండేవే. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు ముందుకు పోదు. అందుకని చాలా రాడార్లు వేగంగా పోతున్నప్పుడు కదలనివాటిని లెక్కలోంచి తీసేస్తాయి. మన రోడ్డు మీద చంపేది మాత్రం ఆ కదలనివే. ఆగిపోయిన లారీలు, ట్రాక్టర్లు, నడిరోడ్డు మీద పడుకున్న గేదెలు.

అల్లుణ్ణి నేను తిట్టలేదు. ఎందుకంటే లోపం అతనిది కాదని మనకు తెలియాలి. సెంట్రీ డ్యూటీ రెండేసి గంటలకు ఎందుకు మారుస్తారు? చేతిలో పని లేకుండా చూస్తూ నిలబడడం, పని చేయడం కన్నా కష్టం గనక. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం రాడార్ ఆపరేటర్లు జలాంతర్గాముల గుర్తులను వదిలేస్తున్నారని నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త పరీక్షలు జరిపి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. అరగంటకే మనిషి జాగ్రత్త తగ్గిపోతుందని తేలింది. ఈ కార్లు డ్రైవరును తీసుకెళ్ళి అదే సెంట్రీ పోస్టులో నిలబెట్టాయి. పైగా రిలీఫ్ లేదు.

2016 మేలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక టెస్లా కారు, అడ్డంగా దాటుతున్న ట్రైలరు కిందికి దూసుకుపోయింది. తెల్లటి ట్రైలరు, వెనక వెలుగు నిండిన ఆకాశం. యంత్రమూ బ్రేకు వేయలేదు, యంత్రాన్ని నమ్మిన మనిషీ వేయలేదు.

ఇక తెరల సంగతి. ఇది నేవీ సోదరులకు బాగా తెలుస్తుంది. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకరు నౌకను ఢీకొంది. పదిమంది నావికులు పోయారు. స్టీరింగు, థ్రాటిల్ టచ్‌స్క్రీన్ మీద ఉన్నాయి. ఏ కంట్రోలు ఏ స్థానానికి మారిందో ఆ కంగారులో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత 2019లో ఆ నౌకాదళం డిస్ట్రాయర్ల మీద మళ్ళీ చేత్తో పట్టుకునే థ్రాటిళ్ళు పెట్టడానికి నిర్ణయించింది. శిక్షణ పొందిన నావికులకే అలా అయితే, మన ఇంటి పిల్లలు వానలో ఏ.సి. గాలి తిప్పడానికి తెర మీద మూడు పేజీలు వెతకాలా? యూరప్‌లో కార్లకు భద్రతా నక్షత్రాలిచ్చే సంస్థ 2026 నుంచి ఇండికేటరు, వైపరు, హారను వంటివాటికి విడిగా మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. ఆలస్యంగానైనా మంచి పని.

దారి చూపే మ్యాపు కూడా ఇంతే. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, రామ్‌గంగ మీద సగం లేని వంతెన నుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వరదకు వంతెన ముందుభాగం కొట్టుకుపోయిన సంగతి మ్యాపులో లేదు. అక్కడ అడ్డుగోడ కట్టనివాళ్ళ తప్పు ఇంకా పెద్దది, అది వేరే మాట.

పండగ మర్నాడు అల్లుణ్ణీ అమ్మాయినీ కూర్చోబెట్టి పుస్తకం మొత్తం చదివించాను. బ్రేకు వేసే సదుపాయం అలాగే ఉంచాం. స్టీరింగు లాగేదాన్ని ఆపేశాం. గీతలు సరిగా లేని పల్లె రోడ్ల మీద దానితో పనేముంది? తర్వాత మనం కళ్ళకు గంతలు కట్టుకుని రైఫిల్ విప్పి బిగించేవాళ్ళం చూడండి, అదే డ్రిల్లు పెట్టాను. కారు ఆపి, కళ్ళు మూసుకుని హారను, వైపరు, నాలుగు ఇండికేటర్ల మీట, అద్దం మీద మంచు తుడిచేది వెతకమన్నాను. మొదటి మూడూ దొరికాయి. నాలుగోది తెరలో ఎక్కడుందో కళ్ళు తెరిచి చూసినా ఇద్దరికీ దొరకలేదు. నాకూ దొరకలేదు. మనవరాలు చూపించింది.

భోజనాలు చల్లారుతున్నాయని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. కారులో వచ్చినవాళ్ళు పోయేముందు ఆ డ్రిల్లు ఒకసారి చేసి పొండి. జైహింద్.