ఆబిద్ అలీ ఆపిన పరుగులు

అబ్బాయిలూ, బడి చదువు ముగించినందుకు మీకు అభినందనలు.

గన్‌ఫౌండ్రీలోని మన ఆల్ సెయింట్స్ హైస్కూల్ మొదలైంది 1855లో. అప్పుడు హైదరాబాద్‌ను ఏలుతున్నది నాలుగో నిజాం నాసిరుద్దౌలా. ఉస్మానియా విశ్వవిద్యాలయం రావడానికి ఇంకా 63 ఏళ్లు ఉంది. ఇంత పాత బడి గురించి మాట్లాడమంటే ఎవరైనా క్రికెటర్ అజహరుద్దీన్ పేరే ముందు ఎత్తుకుంటారు. ఎత్తుకోవాల్సిందే. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినవాడు ఇక్కడే చదివాడు. నేను మాత్రం అంతకుముందే ఇక్కడ చదివి వెళ్లిన సయ్యద్ ఆబిద్ అలీ గురించి చెబుతాను.

1971లో ఓవల్‌లో ఇంగ్లండ్‌ను వాళ్ల గడ్డ మీద మనం మొదటిసారి టెస్టులో ఓడించినప్పుడు, గెలుపు ఫోరు కొట్టింది ఆయనే. అయినా పాతకాలం వాళ్లను అడగండి, ముందు ఆయన ఫీల్డింగ్ గురించే చెబుతారు. కుర్రతనంలో హైదరాబాద్ స్కూల్స్ జట్టుకు ఎంపిక చేసిందీ ఆ ఫీల్డింగ్ చూసే. క్యాచ్ పడితే స్కోరుబుక్కులో పేరెక్కుతుంది. పక్కకు దూకి బంతి ఆపితే, ఆగిన ఆ పరుగు ఏ గడిలోనూ పడదు.

మీ ఇళ్లల్లో ఇన్నేళ్లుగా జరిగిందీ అలా లెక్కకెక్కని పనే. మీది డే స్కూలు. హాస్టల్ పిల్లాడు కనీసం తిన్న పళ్లెం తాను కడుక్కుంటాడు. మీరు? పొద్దున్నే ఎవరో లేచి బాక్సు సర్దిస్తే బస్సెక్కారు, సాయంత్రం తెచ్చి సింకులో పడేశారు. పెరుగన్నం ఎండి అంచులకు పట్టేసిన ఆ బాక్సును నానబెట్టి, గోకి, తోమింది ఎవరు? చాలా ఇళ్లల్లో అమ్మ, కొన్నిళ్లల్లో నానమ్మో అక్కో. వెనక వరుసలో నాన్నలు కూడా నవ్వుతున్నారు, వాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

ఇంకో మాట. ఇన్నేళ్లూ ఆడపిల్లలు లేని క్లాసులో కూర్చున్నారు. రేపు కాలేజీలోనో ఉద్యోగంలోనో వాళ్లు మీ పక్కనే ఉంటారు. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకండి. మీకంటే ఎక్కువ మార్కులొస్తే మూతి ముడుచుకోకండి. మగపిల్లల బడులు ఈ పాఠం చెప్పడంలో వెనకబడ్డాయి, ఆ మాట ఈ వేదిక మీద అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఇక ఫొటోలు దిగండి, అల్లరి చేయండి. ఇంటికెళ్లాక మాత్రం మీ బాక్సు మీరే కడగండి. బడే అయిపోయింది, ఇంకా బాక్సేమిటి అంటారా? అయితే రాత్రి భోజనం కంచాలున్నాయి, వాటితో మొదలుపెట్టండి.