విశ్రాంత ఉద్యోగికి విశ్రాంతి ఎక్కడ?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనసుకు ఒత్తిడి, దాని నుంచి విశ్రాంతి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను, పాస్టరునూ కాను. ముప్పై మూడేళ్లు పద్దులు రాసిన గుమాస్తాను. ఈ హాలులో అన్ని మతాల వారూ ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది. నేను క్రైస్తవుణ్ణి గనుక, నా విశ్వాసం నాకు ఏం చేసిందో అది మాత్రమే చెబుతాను. ఎవరినీ ఒప్పించాలని కాదు.

మనల్ని విశ్రాంత ఉద్యోగులు అంటారు. సంఘం రబ్బరు స్టాంపు మీద కూడా ఆ మాటే ఉంది. కానీ మనలో ఎంతమందికి రాత్రి పడుకుంటే తెల్లవారే దాకా నిద్ర పడుతోంది? ఆఫీసు మానేశాం గాని, ఆఫీసు మనల్ని మానలేదు. పైగా ఫైళ్లు మోసిన తలలో ఇప్పుడు పిల్లల సంసారాలు, మోకాళ్ల నొప్పులు, ఏరియర్సు, పొలం తగాదాలు వచ్చి కూర్చున్నాయి. విరమణ వేరు, విశ్రాంతి వేరు అని నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది.

నా కథ చెబుతాను. 2005లో నా పక్క సీటు మిత్రుడు ఉద్యోగుల పరపతి సంఘంలో అప్పు తీసుకుంటూ నన్ను జామీను సంతకం పెట్టమన్నాడు. పంతొమ్మిదేళ్లు ఒకే క్యారియరులో అన్నం తిన్నవాళ్లం. చదవకుండానే సంతకం పెట్టాను. రెండేళ్లకు అతను బదిలీ మీద వెళ్లిపోయాడు, వాయిదాలు ఆగిపోయాయి. 2007 జూలై జీతంలో నాకు నాలుగు వేలు కోత పడింది. అలా ఇరవై నాలుగు నెలలు, మొత్తం 96,000 రూపాయలు. ఇంకో జామీనుదారుకు ఎంత పోయిందో అది వేరే కథ. మా అమ్మాయి పెళ్లి ఆ రెండేళ్ల మధ్యలోనే చేశాం. మా ఆవిడ గాజులు అమ్మిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఈరోజు ఆమె ఎదురుగానే చెబుతున్నాను.

2009 జూన్ ఆఖరున 58 నిండి రిటైరయ్యాను. జూలై ఒకటో తారీఖున ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో అతని పేరు, అసలు 96,000. నూటికి రూపాయి వడ్డీ చొప్పున నెలకు 960. ప్రతి నెలా పెన్షను తెచ్చుకున్న రోజు సాయంత్రం ఆ పద్దు రాసేవాణ్ణి. ఎవరడిగారు? ఎవరు తీరుస్తారు? ప్రోనోటు లేదు, కోర్టు లేదు. అయినా రాసేవాణ్ణి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, అతన్ని ఏమేం అడగాలో వరసగా అనుకుంటూ మంచం మీద కూర్చునేవాణ్ణి. బి.పి. పెరిగింది. ఇంట్లో అందరి మీదా కేకలు. ఆదివారం గుడికి వెళ్లేవాణ్ణి, పాటలు పాడేవాణ్ణి, ఇంటికొచ్చి మళ్లీ అదే లెక్క.

మా గుడిలో ఒక పెద్దాయన, రిటైరైన బడిపంతులు గారు, నా ముఖం చూసి ఒకరోజు పక్కకు పిలిచారు. ప్రార్థన చేస్తారనుకున్నాను. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి రమ్మన్నారు. తర్వాత మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చదువు అన్నారు. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద పడి, ఇక చాలు, నన్ను తీసుకుపో అని దేవుణ్ణి అడుగుతాడు. అప్పుడు దూత వచ్చి ఏం చేసింది? ఉపదేశం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు పెట్టి, లేచి తినమంది. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమంది. మాటలన్నీ తర్వాత, హోరేబు కొండ దగ్గర. దేవుడు ముందు నిద్ర, తిండి చూశాడు. అందుకని చెబుతున్నాను, ప్రార్థన చేసుకునేవాళ్లు బి.పి. మాత్ర మానకండి. రెండూ ఆయనవే.

ఆ పంతులు గారే మత్తయి సువార్త 11వ అధ్యాయం చివర చూపించారు. బరువులు మోసి అలసిన వాళ్లను యేసు తన దగ్గరకు పిలిచి విశ్రాంతి ఇస్తానన్న చోటు అది. చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఆ వెంటనే తన కాడి ఎత్తుకోమంటాడు. ఇదెక్కడి విశ్రాంతి, బరువు దించమంటే కాడి ఎత్తుతారా అన్నాను. ఆయన నవ్వి, నువ్వు పల్లెటూరి వాడివే కదా, కాడికి ఎన్ని ఎడ్లు కడతారు అని అడిగారు. రెండు. ఒంటెద్దుకు మన దుక్కిలో పని లేదు. కొత్త కోడెను అలవాటైన ఎద్దు పక్కన కడతారు, బరువు ఎక్కువ అదే లాగుతుంది, కోడె దాని పక్కన నడక నేర్చుకుంటుంది. ఇంకొకటి కూడా చెప్పారు. 2వ శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, యేసు వడ్రంగిగా ఉన్నప్పుడు నాగళ్లూ కాడిమానులూ చేసేవాడని రాశాడట. మెడకు సరిపోని కాడి పుండు చేస్తుందని కాడి చేసినవాడికి తెలుసు. నా మెడ మీద ఉన్నది ఆయన కాడి కాదు, నా నోటు పుస్తకం.

అది తెలిసి కూడా పుస్తకం ముయ్యలేదు. తెలియడం వేరు, ముయ్యడం వేరు.

2012 జూలై మొదటి ఆదివారం గుడిలో ప్రభువు ప్రార్థన చెబుతున్నాం. వెయ్యిసార్లు చెప్పిన ప్రార్థన. లూకా సువార్తలో ఆ చోట పాపాలు అని ఉంటుంది. మత్తయి తెలుగులో మాత్రం ఋణాలు, ఋణస్థులు అని ఉంటుంది. పద్దుల గుమాస్తాకు ఆ మాట గొంతులో ఆగిపోయింది. ఇంటికి వచ్చి మత్తయి 18వ అధ్యాయం తీశాను. పదివేల తలాంతుల బాకీ రాజు రద్దు చేస్తే, ఆ మనిషే బయటకు వెళ్లి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. కాగితం తీసుకుని లెక్క కట్టాను, అలవాటు కదా. దేనారం ఒకరోజు కూలి. తలాంతును 6,000 దేనారాలుగా లెక్కిస్తారు. అంటే మాఫీ అయింది 6 కోట్ల రోజుల కూలి, వసూలు చేస్తున్నది 100 రోజుల కూలి. ఆరు లక్షల వంతు తేడా! ఆఖరికి ఆ మనిషిని బాధపెట్టేవాళ్లకు అప్పగించారు. రాత్రి రెండింటికి నన్ను లేపి కూర్చోబెడుతున్నది ఎవరో అప్పుడు అర్థమైంది.

పుస్తకం తీశాను. ముప్పై ఆరు నెలలు, వడ్డీ 34,560, మొత్తం 1,30,560. మన ఆఫీసులో బాకీ రద్దు చెయ్యాలంటే గుమాస్తాకు అధికారం ఉండదు, పైనుంచి మంజూరు రావాలి. పొద్దున చెప్పిన ప్రార్థనే మంజూరు అనుకుని, కింద గీత గీసి, రద్దు అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. ఈసారి చదివే పెట్టాను. ఆ రాత్రి ఐదున్నర దాకా నిద్రపోయాను. మా ఆవిడ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఒక్క రాత్రితో తేలిందని అనుకోకండి. నెల తిరగ్గానే పెన్షను రోజు చెయ్యి మళ్లీ పెన్ను వైపు పోయింది. మళ్లీ అదే ప్రార్థన. అలా ఒక ఏడాది పట్టింది.

మధ్యలో ఇంకో విషయం. బైబిల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ పలు చోట్ల ఉంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో యజమానితో పాటు దాసదాసీలూ, ఎద్దూ గాడిదా కూడా విశ్రమించాలని ఉంది. మన ఇళ్లలో రిటైర్మెంటు లేని ఉద్యోగి ఒకరున్నారు. ఆదివారం సాయంత్రం కాఫీ ఇప్పుడు నేనే పెడుతున్నాను. బాగుండదు, అయినా తాగుతుంది పాపం.

నాలుగేళ్ల క్రితం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే క్యూలో నా ముందు అతనే. కర్ర పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఏమయ్యా బాగున్నావా అన్నాను. బయట బడ్డీ దగ్గర టీ తాగాం. డబ్బు మాట అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎందుకు కట్టలేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. టీ డబ్బులు మాత్రం అతనే ఇచ్చాడు, నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి కాస్త నిద్ర పట్టలేదు. మర్నాడు పట్టింది.

ఆ నోటు పుస్తకంలో మిగిలిన కాగితాల్లో మా ఆవిడ పాల లెక్క రాస్తోంది.