పేడ గ్యాసు నమూనా కేంద్రం: యంత్రం కొనే ముందు సంఘం వ్రాసుకోవలసిన కాగితం

(వెంగళరావు నగర్‌లో పాల సంఘాల ప్రతినిధుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు అప్పగించిన విషయం కొంచెం కొత్తది. పాల సంఘాల వద్ద పేడ నుంచి ఇంధనం తయారుచేసే నమూనా కేంద్రాలు పెడదామని పరిశోధన సంస్థలవారు, యంత్రాలు అమ్మేవారు సంఘాల దగ్గరకు వస్తున్నారు. కొందరు స్థలం అడుగుతారు, కొందరు పేడ అడుగుతారు, కొందరు వాటాధనం కూడా అడుగుతారు. ఇందులో మంచి ఉన్నది. అయితే ఇటువంటి కేంద్రానికి కావలసిన యంత్రం బజారులో దొరకదు, చెప్పి చేయించుకోవలసినదే. చెప్పి చేయించుకునే వస్తువు విషయంలో సంఘం ఏ జాగ్రత్తలు తీసుకోవాలో మనవి చేయడమే మా పని. మేము ఇంజనీర్లం కాము. సహకార డిప్లొమా చదివి, తీర్మానాల పుస్తకాలు, వోచర్లు చూసే ఉద్యోగులం. కాబట్టి యంత్రం కంటె ముందు కాగితం గురించే చెబుతాం.

మొదట నమూనా స్థాయి అంటే ఏమిటో చూద్దాం. ప్రయోగశాలలో సీసాలో రెండు లీటర్ల పేడనీళ్ళు పోసి గ్యాసు తీయడం ఒక మెట్టు. రోజుకు పది టన్నులు మింగే పెద్ద కేంద్రం చివరి మెట్టు. మధ్య మెట్టును నమూనా స్థాయి, అనగా పైలట్ స్థాయి, అంటారు. సీసాను చేత్తో కదిపితే లోపలిది కలిసిపోతుంది. పెద్ద తొట్టిలో ఇసుక అడుగున పేరుకుంటుంది, గడ్డిపరకలు పైన తెట్టు కడతాయి. సీసాలో కనిపించని ఇటువంటి చిక్కులను తక్కువ ఖర్చులో తెలుసుకోవడానికే మధ్య మెట్టు.

ఇందుకు మన పాల రంగంలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు చెప్పేవారు. వారి యంత్రాలన్నీ ఆవు పాలకు చేసినవి. కైరా సంఘానికి చెందిన హెచ్.ఎం. దలాయాగారు రంగులు వేసే స్ప్రే గన్ను, గాలిని వేడిచేసే పరికరం కలిపి, గేదె పాలు పొడి అవుతాయని చిన్న ఎత్తున చేసి చూపించారు. ఆ తర్వాతనే పెద్ద యంత్రం వచ్చింది. 1955 అక్టోబరు 31న నెహ్రూగారు ఆనంద్‌లో ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. ఇందులో మనం గ్రహించవలసినది ఏమంటే, ఒకరి ముడిసరుకుకు చేసిన యంత్రాన్ని బట్టి మన ముడిసరుకు సంగతి తేల్చరాదు. ముందు మన సరుకుతో చిన్నగా చేసి చూడాలి, తర్వాతనే ఆర్డరు ఇవ్వాలి.

మన హైదరాబాదులో ఈ పని జరిగింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అనగా ఐ.ఐ.సి.టి.వారు, గ్యాసు ఊపుతోనే లోపలి ద్రవం కలిసేటట్లు ఒక రియాక్టరును రూపొందించి పేటెంటు పొందారు. ఆ పద్ధతి మీద బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో ఒక కేంద్రం నిర్మించారు. రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనం వస్తున్నట్లు 2021 జనవరి 31న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో పేర్కొన్నారు. అయితే కుళ్ళిన టమాటా వేరు, మన కొట్టం పేడ వేరు. బోయినపల్లి లెక్కను మన సంఘానికి అట్లాగే అన్వయించరాదు.

మరొక ఉదాహరణ మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్. అక్కడ ఇక్రిశాట్‌వారు తీపి జొన్న నుంచి ఇంధనం తీసే ప్రయత్నంలో భాగంగా, ఊళ్ళోనే గడలను గానుగాడి, రసాన్ని కాచి పాకం చేసే కేంద్రం పెట్టించారు. తీపి జొన్న రసం మన పాలవంటిదే, నిలువ ఉంటే పులిసిపోతుంది. మనం ఊళ్ళో బల్క్ కూలరు పెట్టుకున్నట్లే వారు ఊళ్ళో పాకం పొయ్యి పెట్టుకున్నారు. గానుగ ఎంత పెద్దది కావాలన్నది కోత ఎన్ని రోజులు సాగుతుంది, రోజుకు ఎన్ని బండ్ల గడ వస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కోతలు అయిపోతే గానుగ ఖాళీ. మన పేడకు ఆ ఇబ్బంది లేదు, ఏడాది పొడుగునా వస్తుంది. కాని ఎంత వస్తుందో తూచినవారు ఎందరు?

కాబట్టి కాగితంలో మొదటి పేజీ మన సరుకు గురించి ఉండాలి. పాలు పోసేవారి దగ్గర కొవ్వు శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూడకుండా మనం ధర కట్టం. పేడకు కూడా అట్లాగే చూడాలి. రోజుకు సంఘం దగ్గరకు చేరే పేడ ఎన్ని కిలోలు, అందులో ఘన పదార్థం ఎంత శాతం, మట్టి, ఇసుక ఎంత, వరిగడ్డి ఎంత కలుస్తున్నది, ఎండాకాలంలో నీళ్ళు దొరుకుతాయా, ఇవన్నీ అంకెలలో ఉండాలి. గచ్చు ఉన్న కొట్టం పేడ వేరు, మట్టినేల పేడ వేరు. మట్టినేల పేడలోని ఇసుక పంపును అరగదీస్తుంది. ఈ సంగతి ముందే వ్రాసి ఇస్తే తయారుచేసేవారు ఇసుక దిగే తొట్టి పెడతారు. వ్రాయకపోతే పంపు పాడైనప్పుడు తప్పు మన పేడది అంటారు.

రెండవ పేజీ లెక్క. తాజా పేడ కిలోకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుందని సాధారణ అంచనా. రోజుకు ఒక టన్ను పేడ పోగుచేస్తే 40 ఘనపు మీటర్ల గ్యాసు. టన్ను పేడకు టన్ను నీళ్ళు కలిపితే రోజుకు రెండు ఘనపు మీటర్ల పేడనీళ్ళు. మన వాతావరణంలో అవి లోపల 30 నుంచి 40 రోజులు నిలవాలి. అంటే 60 నుంచి 80 ఘనపు మీటర్ల తొట్టి కావాలి. అంతకంటె బాగా చిన్న తొట్టితో అదే గ్యాసు ఇస్తామని ఎవరైనా చెబితే, ఏ పద్ధతిలో, ఏ పేడతో, ఎక్కడ చేసి చూపారో వ్రాతపూర్వకంగా అడగాలి.

ఆ 40 ఘనపు మీటర్ల గ్యాసు వంటకు వాడితే సుమారు 18 కిలోల వంట గ్యాసుకు సమానం, అనగా ఇంటి సిలిండరు ఒకటికి కొంచెం ఎక్కువ. శుద్ధిచేసి వాహనాలకు అమ్మితే దాదాపు 15 కిలోలు. 2018 అక్టోబరు 1న కేంద్ర ప్రభుత్వం సతత్ పథకం ప్రారంభించినప్పుడు కిలోకు 46 రూపాయలు ప్రకటించారు. ధర తర్వాత మారింది. ఆ ధర చొప్పున చూస్తే రోజుకు సుమారు 700 రూపాయలు. ఇందులోనుంచే పేడ ఖరీదు, మనిషి కూలి, కరెంటు పోవాలి. ఇంత చిన్న కేంద్రానికి శుద్ధియంత్రం, కంప్రెసరు సంఘం డబ్బుతో కొంటే ఆ పెట్టుబడి తిరిగి రావడం కష్టమని ఎవరికైనా తెలుస్తుంది. నమూనా కేంద్రం లాభం కోసం కాదు, తెలుసుకోవడం కోసం.

అందువల్ల డబ్బు ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. పరిశోధన సంస్థకు నమూనా విఫలమైనా ఒక విషయం తెలిసినట్లే. అది వారికి నష్టం కాదు. సంఘానికి మాత్రం అది సభ్యుల బోనసు. రెండు గేదెలు ఉన్న సభ్యురాలు ఏడాదంతా పోసిన పాలకు వచ్చే బోనసును ప్రయోగంలో పెట్టే హక్కు పాలకవర్గానికి ఎవరూ ఇవ్వలేదు. యంత్రం ఖరీదు పరిశోధన గ్రాంటు నుంచి రావాలి. సంఘం స్థలం ఇవ్వవచ్చు, పేడ ధర కట్టి ఇవ్వవచ్చు, మనిషిని పెట్టవచ్చు. ప్రయోగం ముగిశాక యంత్రం ఎవరిది, విఫలమైతే ఎవరు విప్పి తీసుకుపోతారు, స్థలం ఎవరు బాగుచేస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి. సంఘం డబ్బు ఒక్క రూపాయి పెట్టవలసి వచ్చినా సర్వసభ్య సమావేశం ముందు లెక్కతో సహా పెట్టాలి.

ఇక చేయించడం సంగతి. ఈ వెంగళరావు నగర్‌కు సనత్‌నగర్, బాలానగర్ ఎంతో దూరం లేవు. బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ ఉన్నది. అక్కడా, జీడిమెట్లలోనూ మందుల కంపెనీలకు స్టీలు తొట్లు, రియాక్టర్లు చేసిపెట్టే షెడ్లు ఉన్నాయి. పనివారికి లోటు లేదు. వారికి కావలసినది స్పష్టమైన డ్రాయింగు, స్పష్టమైన షరతు. మా తనిఖీలలో తరచు కనిపించేది ఏమంటే, తీర్మానంలో “తగిన యంత్రము కొనుటకు తీర్మానించడమైనది” అని మాత్రమే ఉంటుంది. తగినది అంటే ఏది? ఆ మాట మీద ఏ తగవూ తీరదు.

షరతులలో లోహం కూడా వ్రాయాలి. పేడ గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడు మామూలు ఇనుమును తినేస్తుంది. 1962లో ఖాదీ కమిషన్ చేపట్టిన తేలే డ్రమ్ము గోబర్ గ్యాసు ప్లాంట్లకు ఇనుప డ్రమ్ము తుప్పే పెద్ద బెడద. 1984లో వచ్చిన దీనబంధు ప్లాంటులో ఇటుక గుమ్మటం కట్టి డ్రమ్మే లేకుండా చేశారు. కాబట్టి ఏ భాగానికి ఏ స్టీలు, ఎంత మందం, ఏ పూత అన్నది ఒక్కొక్కటిగా ఉండాలి.

టెండరు రెండు కవర్లలో తీసుకోవడం మేలు. ఒకదానిలో పనితనం వివరాలు, మరొకదానిలో ధర. పనితనం సరిపోయినవారి ధర కవరే విప్పాలి. ప్రభుత్వ శాఖలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమావళి 2017 ఈ పద్ధతినే చెబుతున్నది. ప్రయివేటు సంస్థలకు అడ్వాన్సు 30 శాతం దాటరాదని, దానికి బ్యాంకు గ్యారంటీవంటి రక్షణ ఉండాలని కూడా అందులో ఉన్నది. సంఘాలు ఆ కొలతను పెట్టుకోవడం మంచిది. మేము సూచించే విభజన ఇది: అడ్వాన్సు 20 శాతం, షెడ్డులో తనిఖీ తర్వాత 30, బిగించిన తర్వాత 20, పరీక్ష నెగ్గిన తర్వాత 20, ఏడాది గ్యారంటీ ముగిశాక 10.

పరీక్ష అంటే ప్రారంభోత్సవం రోజున మంట చూపించడం కాదు. ఆ మంట మొదటి వారంలో వేరేచోటి నుంచి తెచ్చి పోసిన పాత పేడనీళ్ళది కావచ్చు. లోపలిది మన పేడకు అలవాటుపడి నిలకడ రావాలంటే నిలువ కాలానికి కనీసం రెండింతలు గడవాలి. 35 రోజుల నిలువ అయితే 70 రోజులు. ఆ తర్వాత వరుసగా 30 రోజులు మీటరు పెట్టి గ్యాసు కొలిచి, రిజిస్టరులో సంతకాలతో వ్రాయాలి. అప్పుడే నాల్గవ వాయిదా చెల్లించాలి.

భద్రత విషయం మరువరాదు. గ్యాసును పీడనంతో సిలిండర్లలో నింపాలంటే గ్యాస్ సిలిండర్ నియమాలు 2016 ప్రకారం పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు ఎవరు తెస్తారో ఒప్పందంలో ఉండాలి. బాగుచేయడానికని మనిషి తొట్టిలోకి దిగే పరిస్థితి రాకుండా డ్రాయింగు ఉండాలి, ఎందుకంటే ఆ గాలి ప్రాణాంతకం. రోజుకు దాదాపు రెండు టన్నుల స్లర్రీ బయటికి వస్తుంది. దాన్ని ఎవరి పొలానికి ఎట్లా చేరుస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. గుజరాత్‌లో ఆనంద్ జిల్లా జకరియాపురాలో మహిళా సభ్యులు ఇళ్ళ దగ్గర చిన్న గ్యాసు ప్లాంట్లు పెట్టుకుని, స్లర్రీ అమ్మకానికి తమ సొంత సహకార సంఘం నడుపుకున్నారు. పెద్ద తొట్టి ఒక్కటే మార్గం కాదని అది చూపుతున్నది.

ప్రతినిధులకు మా మనవి ఒక్కటి. ఊరు చేరిన తర్వాత ఎవరికీ మాట ఇవ్వక ముందు, పాల సేకరణ రిజిస్టరు పక్కన మరొక నోటుపుస్తకం పెట్టండి. పది ఇళ్ళను ఎంచుకుని 30 రోజులపాటు ప్రతి ఉదయం పేడ తూచి వ్రాయించండి. దీనికి ఒక కాటా, ఒక కలం చాలు. ఆ పుస్తకం చేతిలో ఉంటే పరిశోధన సంస్థవారైనా, అమ్మకందార్లైనా మీతో అంకెలలోనే మాట్లాడతారు. ఆ పుస్తకాలు తెస్తే షరతుల కాగితం వ్రాయడంలో మేము మీతో కూర్చుంటాం.