రాజు ముఖం, అచ్చుపనివాడి అరచేయి



ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీని కళ్లారా చూసిన ప్రజలు కొద్దిమందే. అయినా ఆయన పోలికలు దూరపు పట్టణాల వారికీ తెలుసు. నాణేలతో పాటు అచ్చు చిత్రపటాలు ఆ ముఖాన్ని మోసుకెళ్లాయి.

ఆ పటాలు చెక్కినవారిలో మేటి రోబెర్ నాంతెయ్. 1678లో ప్యారిస్‌లో కన్నుమూసేనాటికి 200కు పైగా ముఖచిత్రాలు చెక్కాడు. ఆయనకు పని ఇచ్చింది రాజు, మంత్రులు, మతాధికారులు, న్యాయమూర్తులు. రంగుల చిత్తరువు ఒక ఇంటి గోడకే పరిమితం. అచ్చుపటం వందల చేతుల్లోకి వెళుతుంది. పెద్దలు డబ్బు పెట్టింది ఆ వ్యాప్తి కోసమే.

ఇంకో విశేషం వినండి. ప్యారిస్ విద్యార్థి పండితసభలో తన సిద్ధాంతాన్ని నిలబెట్టుకునే రోజున, ఒక ప్రభువు ముఖాన్ని పైన వేసి, ఆయనకు అంకితమిస్తూ పెద్ద కాగితం అచ్చు వేయించేవాడు. మన కావ్యానికి కృతిపతి ఉన్నట్టే. కాకపోతే మన కృతిపతి కవికి ఇచ్చేవాడు; అక్కడ మాత్రం ఖర్చు విద్యార్థి కుటుంబానిది, ఆశ ప్రభువు దయ మీద.

ఇక శ్రమ సంగతి. రాగిరేకును తోలుదిండు మీద పెట్టి తిప్పుతూ, ఉక్కుములికితో గీత వెంట గీత చెక్కాలి. అంతా కుడిఎడమలు తారుమారుగానే. గీత ఉబ్బితే చెంప నీడ చెడుతుంది. 1660లో రాజశాసనం ఈ పనిని వృత్తిసంఘాల కట్టుబాట్లు లేని స్వేచ్ఛా కళగా ప్రకటించింది. చెక్కేవాడికి గౌరవం దక్కింది.

మరి అచ్చు తీసేవాడికి? ఆబ్రహాం బోస్ 1642లో చెక్కిన ఒక చిత్రంలో అతడు కనిపిస్తాడు. ఒకరు రేకుకు సిరా పట్టిస్తున్నారు. ఒకరు అరచేత్తో పైసిరా తుడుస్తున్నారు. మరొకరు ఒళ్లంతా బిగబట్టి యంత్రచక్రం లాగుతున్నారు. పైన తాళ్ల మీద తడి కాగితాలు ఆరుతున్నాయి. ప్రతి ప్రతికీ మళ్లీ సిరా, మళ్లీ తుడుపు, మళ్లీ లాగుడు.

అలాంటి పటాల అడుగున సాధారణంగా లాటిన్‌లో మూడు మాటలుంటాయి: పింక్సిట్, స్కల్ప్‌సిట్, ఎక్స్‌కూడిట్. గీసినవాడు, చెక్కినవాడు, ప్రచురించినవాడు. తుడిచిన అరచేతికి అక్కడ చోటు లేదు.

మన ఇళ్లలోని పాత రవివర్మ అచ్చుపటాల వెనకా, రంగుకో రాయి చొప్పున సిద్ధం చేసి అచ్చు తీసిన పనివారున్నారు. ఈసారి ఏ పాతపటం ముందు నిలబడినా, ముఖం చూశాక అడుగున ఉన్న పేర్లు చదవండి. అక్కడ లేని పేరును కూడా తలుచుకోండి.