మ్యూట్ తీసి ఆడి చూడండి
బస్సులో ఫోన్ మ్యూట్‌లో పెట్టి గేమ్ ఆడతాం కదా? అలా సగం ఆట మిస్సయిపోతున్నాం.

1978లో జపాన్‌లో వచ్చిన ‘స్పేస్ ఇన్వేడర్స్’నే తీసుకోండి. అందులో మ్యూజిక్ అంటే నాలుగే స్వరాలు, మళ్లీ మళ్లీ. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల స్పీడ్ పెరుగుతుంది, ఆ స్వరాల స్పీడూ పెరుగుతుంది. మనకేమో గుండె దడ! రికార్డు చేసిన పాట ఎవరు విన్నా ఒకటే. ఇక్కడ మాత్రం మనం ఆడేదాన్ని బట్టి మ్యూజిక్ మారుతుంది.

మరి గేమ్స్ వల్ల సంగీతానికి ఏం దక్కింది? 2005 నాటి ‘సివిలైజేషన్ 4’ కోసం క్రిస్టఫర్ టిన్ స్వాహిలి భాషలో చేసిన ‘బాబా యేతు’కి 2011లో గ్రామీ వచ్చింది. గేమ్ కోసం చేసిన సంగీతానికి అదే మొదటి గ్రామీ. 2023 నుంచైతే గేమ్ మ్యూజిక్‌కి అక్కడ ప్రత్యేక అవార్డే ఉంది.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. తేడా మీకే తెలుస్తుంది. మళ్లీ కలుద్దాం!